ఎక్కడం సరే బిడ్డా, దిగేటప్పటి సంగతి చెప్తా

బిడ్డా,

మీ నాయన మొన్న ఫోన్ చేశాడు. నువ్వూ అల్లుడూ మే నెలలో ఊటీ పోతున్నారట. బస్సు కాదు, రైలు కాదు, సొంతంగా ట్రావెలర్ బండి కొని, సీట్లు తీయించి, లోపల పరుపు, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ పెట్టించారట. సినిమావాళ్లకు ఉండే క్యారవాన్ లాంటిదని చెప్పాడు. పైగా దాన్ని నడిపేది నువ్వేనట. చెబుతున్నప్పుడు వాడి గొంతులో సగం కోపం, సగం గర్వం. నాకూ అంతే అనుకో. ఫోన్ పెట్టేశాక పెద్దమ్మతో, ‘కల్వకుర్తి గ్రౌండులో నా పక్కన కూర్చుని గేరు వేయడం నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు అంత పెద్ద బండిని కొండ ఎక్కిస్తుందట’ అని ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబుదామంటే ‘సరే పెద్దనాయనా, సరే’ అంటూనే సగం వదిలేస్తావు. అందుకే రాస్తున్నా. నువ్వు చదవకపోతే అల్లుడైనా చదువుతాడు.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తా. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూపించు. ఎండలో నడిచాక చూపిస్తే లెక్క తప్పుతుంది. స్టెప్నీ కూడా మరిచిపోకు. కూలెంటు, ఇంజిన్ ఆయిల్ చూసుకో. ఫాస్టాగ్‌లో డబ్బులు వేసుకో. అల్లుడి బీపీ గోలీలు నాలుగు రోజులకు ఎక్కువే పెట్టుకో. నీ లైసెన్సు సరిపోతుందా అని మీ నాయన అడిగాడు. బండి మొత్తం బరువు 7,500 కిలోలు దాటనంత వరకు కారు లైసెన్సే చాలు. ట్రాన్స్‌పోర్టు బండ్లకైనా ఇదే వర్తిస్తుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ బండి లోపల మార్పులు చేయించారు కదా, అవి ఆర్‌సీలో ఎక్కాయా? ఆర్‌టీవో అనుమతి లేకుండా బండి రూపం మార్చడం చట్టం ఒప్పుకోదు. రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. ఆ పని కాకపోతే ఊటీ వచ్చే ఏడు పోవచ్చు, తొందరేం లేదు.

ఈ-పాస్ తీసుకున్నావా? నీలగిరి జిల్లాలోకి పోయే బయటి బండ్లకు అది ఉండాలి. బండ్లు తట్టుకోలేనన్ని అయిపోతున్నాయని మద్రాసు హైకోర్టు 2024 మే 7 నుంచి ఈ పద్ధతి పెట్టించింది. 2025 ఎండాకాలంలోనైతే మామూలు రోజుల్లో రోజుకు 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లనే రానిచ్చారు. ఈసారి ఎంతమందికి ఇస్తున్నారో బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో చూసుకో. శనివారం పూట మాత్రం కొండ ఎక్కొద్దు. మే నెలలో బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన కూడా ఉంటుంది. ఆ రోజుల్లో ఊరంతా బండ్లే. క్లచ్ మీద కాలు పెట్టి వాలులో గంటలు గంటలు నిలబడాల్సి వస్తే, ఎంత మంచి డ్రైవరైనా అలిసిపోతాడు.

ఇక దారి. జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే ఎక్కితే బెంగళూరు దాకా తిన్నగా పోవచ్చు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేచోట ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టు. మన ఇంట్లో ఏ బండి అటు పోయినా అక్కడ ఆగకుండా పోలేదు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, ఎండ ముదిరేలోపు ఎంత దూరమైతే అంత పో. డోన్, గుత్తి, అనంతపురం వైపు మే నెల మధ్యాహ్నం రోడ్డు నిప్పు మీద ఉన్నట్టే. టైర్లు ఎక్కువ పగిలేది అప్పుడే. పన్నెండు నుంచి నాలుగు దాకా నీడ చూసి ఆగు, వెనక మంచం పెట్టించుకున్నది అందుకే కదా. చీకటి పడ్డాక హైవే మీద నడపొద్దు. లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీలు దగ్గరికి వచ్చేదాకా కనపడవు. మొదటి రాత్రి బెంగళూరు చేరాలన్న పట్టుదల పెట్టుకోకు.

మైసూరు దాటాక గుండ్లుపేట, ఆ తర్వాత బందీపూర్ అడవి. అక్కడ 2009 నుంచి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. మన మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరా అంతే కదా, అందుకని నీకు కొత్తేం కాదు. నేను శ్రీశైలం సర్వీసు నడిపే రోజుల్లో, ఆలస్యమై గేటు పడిపోయిన లారీవాళ్లు, జీపులవాళ్లు అక్కడే చలిమంట వేసుకుని తెల్లారేదాకా కూర్చునేవాళ్లు. వాళ్లలో కొందరు ఫారెస్టోళ్లను తిట్టేవాళ్లు. నేను మాత్రం తిట్టలేదు. ఒకసారి వటవర్లపల్లి దాటాక పొద్దుటి మంచులో ఒక ఎలుగుబంటి, దాని వెనక రెండు పిల్లలు, నా బస్సు ముందు నుంచి మెల్లగా రోడ్డు దాటిపోయాయి. వేగంగా వచ్చే లారీ ఏదైనా అప్పుడు ఎదురై ఉంటే? బందీపూర్‌లో ఉండేవి ఏనుగులు. అడవిలో బండి ఆపకు, దిగకు, ఫోటో కోసం అద్దం దించకు, హారన్ కొట్టకు. కోతులకు, జింకలకు ఏమీ వేయకు. ఏనుగు రోడ్డు మీద ఉంటే దూరంగా ఆగి, అది పోయేదాకా ఉండు. అల్లుడు ముందుకెళ్లి వీడియో తీస్తానంటే తలుపు లాక్ వేసెయ్, కోపం వచ్చినా పర్వాలేదు.

అడవి దాటి తమిళనాడులోకి పోయాక తెప్పకాడు వస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఈ ఉత్తరంలో నువ్వు పెన్నుతో గీత గీసుకోవాల్సిన చోటు ఇదే. ఎడమకు తిరిగితే మసినగుడి, కల్హట్టి మీదుగా ఊటీ దగ్గర. ఫోన్‌లో మ్యాపు చూస్తే అదే దగ్గరి దారని చూపిస్తుంది. దాన్ని నమ్మకు. అక్కడ 36 హెయిర్‌పిన్ మలుపులు, నిలువుగా ఎక్కుడు. ప్రమాదాలు ఎక్కువై, బయటి ఊరి బండ్లను ఆ దారిన కిందికి దిగనివ్వడం లేదు కూడా. నువ్వు నేరుగా గూడలూరు పో. గూడలూరు నుంచి నడువట్టం, పైకారా మీదుగా 50 కిలోమీటర్లు. కొంచెం ఎక్కువ దూరమే, కానీ వాలు నెమ్మది. గూడలూరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటే ఊటీ 2,240 మీటర్ల మీద ఉంది. అంత ఎత్తు ఎక్కుతావు, మళ్లీ అంతా దిగుతావు. ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తే ఇంజిన్ ఆగుతుంది, అంతే. నా భయమంతా దిగేటప్పుడే.

ఆర్టీసీలో చేరకముందు నేను లారీ క్లీనర్ని. ఈ సంగతి నీకు తెలుసు, కానీ ఇప్పుడు చెప్పబోయేది ఎప్పుడూ చెప్పలేదు. శ్రీశైలం డ్యామ్ కడుతున్న రోజులు. నాకు పదిహేడు నిండి ఉంటాయి. నాకు బండి నేర్పింది మన ఊరివాడే, వరసకు మామ. మంచి డ్రైవరు. రాత్రంతా నడిపినా కన్ను మూసేవాడు కాదు, తాగేవాడు కాదు. ఓనరు మాత్రం ట్రిప్పుకు ఇంత డీజిల్ అని కొలిచి ఇచ్చేవాడు. తక్కువ పడితే జీతంలో కోత, మిగిలితే ఆ డబ్బు డ్రైవరుది. అందుకే మామ ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసేవాడు, అంటే గేరు తీసేసేవాడు. బండి దానంతటదే పోతుంది, డీజిల్ మిగులుతుంది. అప్పట్లో అందరూ చేసే పనే అది.

ఆ రోజు సిమెంటు లోడు. ఈగలపెంట దాటి దిగుడు మొదలైంది, మామ న్యూట్రల్ చేశాడు. మొదటి మలుపు బాగానే తిరిగింది, రెండోదీ తిరిగింది. మూడోదానికి మామ బ్రేకు కొంచెం గట్టిగా తొక్కడం చూశాను. తర్వాత వాసన వచ్చింది. బ్రేకు లైనర్లు కాలే వాసన ఒకసారి తగిలితే మనిషి మరిచిపోడు, ముక్కులో గుచ్చుకుని గొంతు దాకా దిగుతుంది. అద్దంలో చూస్తే వెనక చక్రాల దగ్గర నీలం పొగ. మామ బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు, కాలి కింద పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం తగ్గడం లేదు. చక్రంలోని బ్రేకు డ్రమ్ము అంత వేడెక్కితే, దాన్ని అదిమిపట్టాల్సిన లైనరు జారిపోతుందే తప్ప పట్టదు. అప్పుడు గేరు వేయబోయాడు. మూడో గేరు, పళ్లు కరకరమని అరిచాయి, పడలేదు. నాలుగోది కూడా పడలేదు. వేగం పెరిగిపోయాక ఆ పాత గేరు బాక్సులో గేరు పడదు బిడ్డా. న్యూట్రల్ చేయడం అర నిమిషం పని కాదు. మళ్లీ గేరు వేసుకుందామంటే బండి ఒప్పుకోవాలి కదా.

నా చేతిలో చక్రం కింద పెట్టే చెక్క ఉంది. దూకుదామని తలుపు మీద చెయ్యి వేశాను. మామ ‘దూకకురా’ అని అరిచి, నా చొక్కా కాలరు పట్టి తన వైపు లాక్కున్నాడు. స్టీరింగ్ ఎడమకు తిప్పి, నేను కూర్చున్న వైపును కొండకు ఆనించాడు. రాయికి రేకు రాసుకుంటూ పోయిన ఆ చప్పుడు చాలాసేపు ఉన్నట్టే నాకు గుర్తు. నిజానికి పది సెకన్లు కూడా కాదేమో. చివరికి ఒక బండకు కొట్టుకుని ఆగింది. వెనక సిమెంటు బస్తాలన్నీ ఒక్కసారి క్యాబిన్ మీదికి వచ్చిపడ్డాయి. నాకు దెబ్బలు తగిలాయి కానీ లేచి నిలబడ్డాను. మామ కుడికాలు పెడళ్ల మధ్య నలిగిపోయింది. కాలు మిగిలింది, కానీ మళ్లీ ఎప్పుడూ స్టీరింగ్ పట్టలేదు. అచ్చంపేటలో పాన్ డబ్బా పెట్టుకుని బతికాడు. నేను ఆర్టీసీలో డ్రైవరునై శ్రీశైలం సర్వీసు మీదికి వచ్చాక, బస్సు అచ్చంపేటలో ఆగినప్పుడల్లా కిటికీ దగ్గరికి కుంటుకుంటూ వచ్చేవాడు. యోగక్షేమాలు తర్వాత. మొదట అడిగేది ఒక్కటే, ‘ఏ గేరులో దిగుతున్నావురా?’ ‘సెకండ్లో మామా’ అంటే ఒక పాన్ చేతిలో పెట్టి పోయేవాడు. పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు అదే ప్రశ్న నేను నిన్ను అడుగుతున్నా. నడువట్టం నుంచి గూడలూరు దిగేటప్పుడు ఏ గేరులో దిగుతావు? ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైందో దిగేటప్పుడూ అదే. దిగుడు మొదలయ్యే ముందే ఆ గేరు వేసుకో, మధ్యలో కాదు. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, అరవనీ. బండిని పట్టి ఉంచుతున్నది ఆ అరుపే. బ్రేకు మీద కాలు ఆనించి పెట్టొద్దు. వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి తగ్గించు, వదిలెయ్, చల్లారనీ. నీ బండికి ఆయిల్ బ్రేకు, దానికి ఇంజిన్ నుంచి వాక్యూమ్ సాయం అందుతుంది. ఇంజిన్ ఆపేసి దిగావంటే, రెండు మూడుసార్లు తొక్కేసరికి ఆ సాయం అయిపోయి పెడల్ రాయిలా అవుతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. కాబట్టి న్యూట్రల్ వద్దు, ఇంజిన్ ఆపడం అసలే వద్దు.

వాసన వచ్చిందా, ‘ఇంకో రెండు మలుపులే కదా’ అనుకోకు. వెడల్పు జాగా చూసి ఆపు. గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టు, అల్లుడికి ఆ పని నేర్పు. అరగంట చల్లారనీ. వేడి డ్రమ్ము మీద నీళ్లు మాత్రం పోయొద్దు, పగులుతుంది. వెనక ఎవరైనా తొందరపెడితే పక్కకు తీసి దారి ఇవ్వు. ఎదురుగా ఎక్కుతూ వచ్చే బండికి ముందు దారి ఇవ్వాలి, అది రూలు కూడా.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించారో బిల్లు చూడు. పాత బండి కొన్నారు కాబట్టి బిల్లు లేకపోతే మార్పించేయండి. అది గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ పట్టిన ఆయిల్ వేడికి తొందరగా మరిగి పైపులో బుడగలు కడతాయి, అప్పుడు పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చడం మంచిది. ఇంకొక విషయం, ఇది ఇంటి బండ్లలో ఎవరూ ఆలోచించరు. ట్యాంకులో 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోల బరువు. పైగా సగం ఉన్న ట్యాంకులో నీళ్లు మలుపు మలుపుకూ ఊగి బండిని లాగుతాయి. దిగే రోజు పొద్దున మంచినీళ్ల ట్యాంకు ఖాళీ చేసుకుని, తాగడానికి బిందెడు ఉంచుకుంటే చాలు.

ఊటీలో చూసేవి నీకు నేను చెప్పక్కర్లేదు. సరస్సు, గార్డెన్, 2,637 మీటర్ల దొడ్డబెట్ట, అందరూ పోయేవే. పెద్ద బండిని బజారులోకి తీసుకుపోకు. ఊరి బయట జాగా ఇచ్చేవాళ్ల దగ్గర నిలిపి, ఊళ్లోకి ఆటోలోనో బస్సులోనో పో. రైలు మాత్రం ఎక్కు. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల దారి, 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వచ్చింది, 2005లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది. కూనూరు, కల్లార్ మధ్య దాదాపు 12 అడుగులకు ఒక అడుగు వాలు. అంత వాలులో మామూలు చక్రం పట్టదు కాబట్టి పట్టాల మధ్య పళ్ల పట్టాలు వేశారు, ఇంజిన్ తన కింద ఉండే పళ్ల చక్రాలతో వాటిని పట్టుకుని ఎక్కుతుంది, దిగుతుంది. ఎక్కేటప్పుడు ఇంజిన్ ముందుండదు, కింది వైపున ఉండి పెట్టెల్ని తోస్తుంది. ఒక్కో పెట్టెకు ఒక బ్రేకు మనిషి వేరే. ఇంత జాగ్రత్త పడ్డారు కాబట్టే నూరేళ్లు దాటినా నడుస్తోంది. ఆ బ్రేకు మనిషి పని నువ్వు నిలబడి చూడు, నా తరఫున కూడా చూడు. టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి, అక్కడికి పోయాక దొరకవు.

చలి సంగతి. ఇక్కడ మనకు నలభై దాటి మండుతుంటుంది, అక్కడ రాత్రి పది పన్నెండు డిగ్రీలకు దిగుతుంది. మనవాళ్లు మే నెలే కదా అని స్వెటర్ లేకుండా పోతారు. తర్వాత చలికి తట్టుకోలేక అద్దాలన్నీ మూసి, లోపల గ్యాస్ పొయ్యి వెలిగించుకునో, కుంపటి పెట్టుకునో పడుకుంటారు. అలా మాత్రం చేయొద్దు, నా మీద ఒట్టు. మూసిన బండిలో మంట సరిగా కాలక వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. దగ్గు కూడా రాదు, మనిషి నిద్రలోనే పోతాడు. వంట తలుపు తీసి చెయ్యండి, వండాక సిలిండరు దగ్గర వాల్వు కట్టెయ్యండి, రెండు కిటికీలు కొంచెం తెరిచే పడుకోండి. కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టి మోగే చిన్న యంత్రం దొరుకుతుంది, కొనండి. రగ్గులు నాలుగు ఎక్కువ పెట్టుకోండి, మీ ఇంట్లో లేవంటే పెద్దమ్మ ఇస్తుంది. అన్నం, పప్పు కుక్కర్లోనే వండు. అంత ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు.

బండిలో మరుగుదొడ్డి పెట్టించారని మీ నాయన చెప్పాడు. దాని ట్యాంకు వాగు పక్కన, తేయాకు తోట పక్కన, ఎవరూ చూడట్లేదు కదా అని వదిలారంటే నేను మీతో మాట్లాడను. ఆ కొండల మీద పుట్టిన నీళ్లు మోయార్, భవానీ, ఆ తర్వాత కావేరి. కింద ఎన్నో ఊళ్లు తాగుతాయి. మన ఊళ్లో కృష్ణ నీళ్లు కుళాయికి వచ్చేదాకా ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన వాళ్లను చూసిన ఇంటి పిల్లవు నువ్వు. ఎక్కడ ఖాళీ చేయొచ్చో బండి నిలిపే చోటే అడుగు, డబ్బు అడిగితే ఇచ్చెయ్. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నీలగిరిలో నిషేధం, స్టీలు సీసాలు తీసుకుపో.

అంత పెద్ద బండి ఆడపిల్లకు ఎందుకని మీ అత్తగారి వైపు ఎవరో అన్నారట. అన్నవాళ్లెవరూ నువ్వు రివర్స్ తీయడం చూడలేదు. నేను చూశాను. నా చేతి కింద నేర్చుకున్నవాళ్లలో అద్దాలు చూసి, వెనక్కి ఒక్కసారి కూడా తల తిప్పకుండా బస్టాండు మూలలో బండి పెట్టగలిగేది నువ్వే. నీ చేతి మీద నాకు అనుమానం ఉండి ఇదంతా రాయలేదు. మామ చెయ్యి కూడా మంచిదే.

వచ్చే ఆదివారం బండి తీసుకుని జడ్చర్ల రా, అల్లుణ్ని కూడా తీసుకురా. మెకానిక్‌కు చెప్పి పెట్టాను, నాలుగు చక్రాలు విప్పించి లైనర్లు నేనే చూస్తా. తర్వాత మనం ముగ్గురం మన్ననూరు మీదుగా పాతాళగంగ దాకా పోయి వద్దాం, నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా. లోడు ఉన్నప్పుడే తెలుస్తుంది కాబట్టి ట్యాంకు నింపుకుని రా. పెద్దమ్మ జొన్న రొట్టెలు, పుంటికూర పచ్చడి కట్టిస్తానంటోంది. ఆర్‌సీ, బ్రేక్ ఆయిల్ బిల్లు మరిచిపోకు.

నీ పెద్దనాయన